పక్క కుర్చీలో మెర్విన్

బెల్ఫాస్ట్‌లో ఒక యూనివర్సిటీ వాళ్ళు ప్రతి వసంతంలోనూ గురువారం సాయంత్రాలు ఉపన్యాసాలు పెట్టేవారు. మతం, రాజకీయం, మానవ హక్కులు. టికెట్టు లేదు, ఎవరైనా వెళ్ళి వినొచ్చు. ముందు ఒక ప్రొఫెసరు మాట్లాడతాడు. ఆయన దిగాక వేదిక మీద రెండు కుర్చీలు వేసి, కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన గొడవల కాలంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళని ఇద్దరిని కూర్చోబెడతారు. ఒకరు కాథలిక్కు, ఒకరు ప్రొటెస్టెంటు. చెరి పది నిమిషాలు. ఈసారి వీళ్ళు ముందు మాట్లాడితే వచ్చేసారి వాళ్ళు ముందు. పోస్టరు మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. దుఃఖాన్ని అలా తూకం వేసి చూపిస్తేగాని ఆ ఊళ్ళో చదువుకున్నవాళ్ళకి ధైర్యం చాలదు. మూడో కుర్చీ ఒకటి వేసి అందులో ఆ చావుల్లో చెయ్యున్న సర్కారువాళ్ళని కూర్చోబెడదామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

ఆ కాథలిక్ కుర్చీ చాలా ఏళ్ళు డింప్నాది. పడమటి బెల్ఫాస్ట్‌లో ఒక స్కూలు వంటగదిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అక్క గొరెట్టితో కలిసి ఊరి కౌన్సిలువాళ్ళు అద్దెకిచ్చిన ఇంట్లో ఉండేది. వాళ్ళకి కోలమ్ అని ఒక్కడే తమ్ముడు. గ్యారేజీలో మెకానిక్కు, ఏ పార్టీలోనూ లేడు. ఒక ఆదివారం సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. తలుపు తెరుచుకుంది. టీవీ ముందు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కాల్చేసి పోయారు. డింప్నా వేదిక మీద ఎప్పుడు చెప్పినా "తలుపు తెరుచుకుంది" అనే అనేది. తీసింది గొరెట్టి అని ఏనాడూ అనలేదు. ఇంట్లో అయితే ఆ మాటే లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ కోలమ్ గురించి మాట్లాడుకోవడం అంత్యక్రియలతోనే ఆగిపోయింది.

అందుకే డింప్నా మొదటిసారి యూనివర్సిటీకి బయల్దేరినప్పుడు గొరెట్టి కుర్చీలోంచి లేవను కూడా లేదు.

"పోయి అమ్ముకో తమ్ముణ్ణి. ఏమిస్తారేమిటి వాళ్ళు, శాండ్‌విచ్‌లా?"

"టీ కూడా ఇస్తారటక్కా."

"అయితే ఇంకేం. బేరం బాగానే కుదిరింది."

పక్క కుర్చీలో కూర్చోవడానికి వచ్చినాయన మెర్విన్. తూర్పు బెల్ఫాస్ట్‌లో బ్రెడ్డు వ్యాను నడిపేవాడు. పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉండేవాడు. ఆయన చెల్లెలు ఐరిస్ ఊరి మధ్య ఒక పెద్ద బట్టల దుకాణంలో చేతి తొడుగులు అమ్మేది. అక్కడ బాంబు పేలి చచ్చిపోయింది. ఆ మొదటిరోజు మెర్విన్ డింప్నా మెడలోని మేరీమాత బిళ్ళ చూసి తన కుర్చీని జానెడు అవతలకి జరుపుకున్నాడు. ఆవిడ ఆయన కోటుకున్న ఎర్ర పువ్వు పిన్ను, బ్రిటిష్ సైనికుల జ్ఞాపకంగా పెట్టుకునేది, చూసి తన కుర్చీని ఇంకో జానెడు ఇవతలకి లాక్కుంది. ప్రేక్షకులకి పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు చెరో పది నిమిషాలు చెప్పారు. తరవాత టీ బల్ల దగ్గర చూస్తే గుడ్డూ ఉల్లిపాయా పెట్టిన శాండ్‌విచ్ ఒక్కటే మిగిలింది, ఇద్దరి చేతులూ దాని మీదకే వెళ్ళాయి.

"తీసుకోమ్మా," అన్నాడాయన. "నేను రోజంతా బ్రెడ్డు మోసేవాణ్ణే."

"సగం చెయ్యి. ఇక్కడ అన్నీ సగం సగమేగా."

ఆ మాటకి ఆయన నవ్వాడు. ఆవిడకి ఆ నవ్వు నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. బయట వాన. బస్సు రాలేదు. ఆయన వ్యానులో తీసుకెళ్ళి, ఆవిడ ఉండే కాథలిక్కుల పేటలోకి రాకుండా మొదట్లోనే దింపాడు. మరుసటి ఏడు వీధి మలుపు దాకా వచ్చాడు. ఆ పై ఏడు గుమ్మం ముందే ఆపి, గొరెట్టి కర్టెన్ సందులోంచి చూస్తుంటే టోపీ తీసి తల వంచాడు.

ఒక యూనివర్సిటీ చూసి ఇంకో యూనివర్సిటీ పిలిచేది. చర్చిలు, స్కూళ్ళు పిలిచేవి. ఎవరు పిలిచినా జంటగానే. ఉత్తరాన డెర్రీలో మాట్లాడాల్సి వచ్చినప్పుడు, ఆ ఊరిని ఆవిడొక పేరుతో, ఆయనొక పేరుతో పిలుస్తారు గనక, ఆయన కారులో ఇద్దరూ "అక్కడికి" అని సరిపెట్టుకునేవారు.

"మనం ఉప్పు డబ్బా, మిరియాల డబ్బాలం," అనేవాడు మెర్విన్. "ఒకటి లేకుండా రెండోది బల్ల మీద పెట్టరు."

"మరి ఉప్పెవరయ్యా?"

"నువ్వే. నన్ను చూస్తే ఎవరైనా తుమ్ముతారు."

ఒకళ్ళ పది నిమిషాలు ఇంకొకళ్ళకి కంఠతా వచ్చేశాయి. ఏ మాట దగ్గర ఆయన గొంతు ఆగుతుందో ఆవిడకి తెలుసు, ఆ మాటకి ముందే నీళ్ళ గ్లాసు జరిపేది. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చూపు చేతుల్లోకి దిగిపోతుందని ఆయనకి తెలుసు. ఆ తలుపు తీసిందెవరో ఆయన ఒక్కడికే చెప్పింది, కారులో ఇంటికి తిరిగొస్తుంటే. ఆయన కారు రోడ్డు పక్కన ఆపాడు. తరవాత, "మా ఐరిస్‌ని ఆ దుకాణంలో పెట్టించింది నేనే. వాళ్ళ మేనేజరుకి రోజూ బ్రెడ్డు వేసేవాణ్ణి" అన్నాడు. ఆ సంగతి ఏ వేదిక మీదా ఆయన అనలేదు. ఇద్దరూ దాన్ని కారులోనే ఉంచేశారు.

మెర్విన్ భార్య పోయింది. పిల్లల్లేరు. ఒక శీతాకాలం ఆయనకి ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకుని ఆయన అడిగింది ఒకటే.

"వసంతంలో నువ్వెళ్తావుగా."

"నువ్వు లేకుండా నన్ను పిలుస్తారా?"

"పిలుస్తారు. ఇంకో డబ్బా చూసుకుంటారు. ఒక్కసారి ఐరిస్ పేరు చెప్పవూ. నేనూ పోతే ఆ పిల్ల పేరెత్తే నోరు లేదు డింప్నా."

"చెప్తాను," అంది.

ఆయన అంత్యక్రియలకి వెళ్ళి ప్రెస్బిటేరియన్ చర్చిలో ఆఖరి వరసలో కూర్చుంది. మగాళ్ళు పెట్టె మోసుకుని శ్మశానానికి వెళ్ళారు, ఆడవాళ్ళు హాల్లో టీ పోశారు. పక్క మనిషి పలకరిస్తే పేరు చెప్పింది, ఆ కాథలిక్ పేరు వినగానే అవతలావిడ చెంచా తిప్పడం ఆపి మళ్ళీ తిప్పింది. మెర్విన్ తమ్ముడి కొడుకు ట్రెవర్ తిరిగొచ్చాక డింప్నా లేచి అతని దగ్గరికి వెళ్ళింది.

"మీ అత్త గురించి యూనివర్సిటీలో నువ్వైనా చెప్తావా బాబూ? మీ పెదనాన్న కోరిక."

ట్రెవర్ మర్యాదగానే అన్నాడు. "మా ఇంటి చావులు మా ఇంట్లోనే ఉంటాయమ్మా. పెదనాన్న తిరిగాడు, ఆయనిష్టం. మా అత్త పేరు ఇక వేదికలెక్కడం మాకిష్టం లేదు. మీ నోట అసలే వద్దు. తప్పుగా అనుకోకండి."

ఉపన్యాసాలు నడిపే డాక్టర్ హ్యారియెట్ మంచి అమ్మాయే. ఇంగ్లండు నుంచి వచ్చింది, ఎవరితోనైనా తల ఒక పక్కకి వంచి మాట్లాడుతుంది. డింప్నాని కాఫీకి పిలిచింది.

"మెర్విన్ గారి గురించి మీరు రెండు మాటలు చెప్పండి, తప్పకుండా. కానీ ఐరిస్ కథ వాళ్ళ వర్గం నుంచి ఒకరు చెప్పాలి డింప్నా గారూ. మీరు చెప్తే ఆ పక్షం దుఃఖాన్ని మనం లాక్కున్నట్టవుతుంది. కుటుంబం కూడా వద్దంటోంది. ఆ కుర్చీకి షర్లీ గారని ఒకరు ఒప్పుకున్నారు, ఆవిడా ప్రొటెస్టెంటే, పోలీసైన భర్తని చంపేశారు. మీరు మీ తమ్ముడి గురించి చెప్పండి."

"నా పది నిమిషాలు నావేనా?"

"మీవే."

ఆ జవాబు సంచిలో వేసుకున్నట్టు వేసుకుని ఇంటికొచ్చింది. సగం ఐరిస్‌కి, సగం కోలమ్‌కి అనుకుంది. వంటింట్లో నిలబడి గడియారం చూస్తూ సాధన కూడా చేసింది. సగం సగం చేస్తే ఎవరూ బతికినట్టు అనిపించలేదు. ఇద్దరూ రెండు పేర్లుగా మిగిలారు, పత్రికలో అచ్చేసిన పేర్లలా.

గురువారం పొద్దున గొరెట్టి టీ కప్పులోకి చూస్తూ అంది. "ఇవాళ నేనూ వస్తాను."

డింప్నా చేతిలో వెన్న కత్తి ఆగింది. "ఇన్నేళ్ళూ రాలేదు కదక్కా."

"ఆ పొడుగాయన ఉన్నంతకాలం నువ్వు నిజం చెప్తావో, ఆయనకి సరిపోయేది చెప్తావో నాకు తెలీదు. ఇప్పుడాయన లేడుగా. ఆ తలుపు దగ్గర ఏమంటావో నాకు వినాలనుంది. అక్కడ అందరి ముందూ."

"ఇక్కడే చెప్తాను. ఇప్పుడే."

"వద్దు. ఇక్కడైతే నన్ను ఓదార్చడానికి చెప్తావు."

సాయంత్రం హాలు సగానికి పైగా నిండింది. షర్లీ ముందు మాట్లాడింది, తన భర్త బూట్ల గురించి, ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయని. బాగా చెప్పింది. డింప్నాకి నీళ్ళ గ్లాసు ఎప్పుడు జరపాలో తెలియలేదు. తన వంతు వచ్చి మైకు అందుకుంది.

"మా తమ్ముడి పేరు కోలమ్," అని మొదలుపెట్టింది.

మూడో వరసలో గొరెట్టి కనపడింది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చినట్టు నిటారుగా కూర్చుంది. ఎప్పుడూ చెప్పినట్టు తలుపు తెరుచుకుందని చెప్తే అక్క దాన్ని దాచినట్టు లెక్కేస్తుంది. తీసింది మా అక్క అని చెప్తే హాలు మొత్తం ఆ తల కోసం వెతుకుతుంది. నీ తప్పేం లేదక్కా అన్న మాట ఎక్కడ పెట్టాలో, మైకులో ఎలా అనాలో డింప్నాకి తెలియలేదు. అంతకాలం ఆ మాట ఇంట్లో అని ఉంటే నోటికి అలవాటయ్యేది.

ఆగింది. హ్యారియెట్ ధైర్యం చెప్తున్నట్టు తల వంచింది.

"ఐరిస్ అని ఒక అమ్మాయి ఉండేది," అంది డింప్నా.

ఆ తరవాత ఆగలేదు. చేతి తొడుగులు కొనడానికొచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని, వేళ్ళు చూసే సైజు చెప్పేసే అమ్మాయి అని చెప్పింది. చర్చి పాటల బృందంలో ఉండేది, రాగం అసలు రాదు, పాస్టరు గారు పిలిచి నువ్వు పెదాలు మాత్రం కదుపమ్మా అంటే ఆదివారం ఆదివారం అందరికంటే పెద్దగా పెదాలు కదిపేదని చెప్పింది. హాలు నవ్వింది. ఆ నవ్వు మీదే బాంబు సంగతి చెప్పింది, మెర్విన్ చెప్పే మాటల్లోనే, ఆయన ఆగేచోట ఆగుతూ. దుకాణంలో ఆ అమ్మాయిని పెట్టించిందెవరో మాత్రం చెప్పలేదు. పక్కన షర్లీ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. హ్యారియెట్ తల ఈసారి నిటారుగా ఉంది. టైమైందని కార్డు లేచేసరికి కోలమ్‌కి ఒక్క నిమిషం మిగల్లేదు.

టీ బల్ల దగ్గరికి ట్రెవర్ వచ్చాడు. వెనక వరసలో ఉన్నాడని ఆవిడ చూసుకోలేదు. తిడతాడనుకుని కప్పు కింద పెట్టింది.

"పాటల సంగతి పెదనాన్న మీకు చెప్పాడా?"

"చాలాసార్లు."

"మాకెప్పుడూ చెప్పలేదు," అన్నాడు. "మా అత్త ఎలా ఉండేదో మా నాన్న ఒక్కసారైనా చెప్పలేదు. పరాయివాళ్ళ మీటింగులో తెలుసుకోవాల్సి వచ్చింది. వద్దన్నాను కదమ్మా మీకు. వద్దనే చెప్పాను కదా."

ఆవిడ క్షమించమంది. అతను ఆ మాట వినకుండానే వెళ్ళిపోయాడు.

బస్సు స్టాపులో గొరెట్టి దూరంగా, లైటు కింద నిలబడి ఉంది.

"వాళ్ళ పిల్ల గురించి బాగా చెప్పావు," అంది.

"మాటిచ్చానక్కా ఆయనకి."

"మాటిచ్చావని చెప్పావా? నన్ను చూసి చెప్పావా?"

డింప్నాకి అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు, నిజం ఏదో తనకే తెలియలేదు. ఆ రెంటి మధ్యా బస్సు వచ్చేసింది. గొరెట్టి ముందు సీటులో ఒంటరిగా కూర్చుంది, పక్క సీటులో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంది.

మరుసటి వసంతంలో యూనివర్సిటీ నుంచి ఫోను రాలేదు. ఒకే సాయంత్రం రెండు చావులూ ఒకే పక్షానివి అయ్యాయని ఎవరో ఫిర్యాదు చేశారట, ట్రెవర్ కాదు, కాథలిక్ వైపువాళ్ళే. తూకం చెడింది. షర్లీకి జోడీగా ఎవరో పెద్దమనిషిని చూసుకున్నారు. ఆ సంవత్సరం ఆ హాల్లో ఐరిస్ పేరు వినపడలేదు, కోలమ్ పేరూ వినపడలేదు.

ఆ ఏడు ఉపన్యాసాలు మొదలైన గురువారం సాయంత్రం ఆరు దాటాక డింప్నా వంటింట్లో అక్కకి ఎదురుగా కూర్చుంది. చేతులు బల్ల మీద పెట్టుకుంది.

"మా తమ్ముడి పేరు కోలమ్," అంది. "ఒక ఆదివారం సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. మా అక్క వెళ్ళి తీసింది. ఎవరు కొట్టినా తీసే ఇల్లు మాది. నేను దగ్గరున్నా నేనే తీసేదాన్ని."

గొరెట్టి అంతా విన్నది. మధ్యలో లేవలేదు, ఏడవలేదు.

"ఇది అక్కడ చెప్పి ఉంటే నమ్మేదాన్నే," అంది చివరికి, లేచి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.