ముందుగా భక్తవత్సలం గారి పన్ను

చూలైలో బైండింగు దుకాణం నడిపే భక్తవత్సలం గారికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువైనా సరే, తాను ముందుగా పరీక్షించనిదే ఇంట్లో మరొకరు దానిని ముట్టరాదు.

భార్య పుష్పవల్లికి కొత్త చెప్పులు కొన్నారనుకోండి. ముందు తన పాదాలు వాటిలో ఇరికించి వీధి చివరిదాకా నడిచి వచ్చేవారు. అవి ఆమె కాళ్ళకు చేరేసరికి పడవలయ్యేవి. మనుమరాలు జననికి ఉయ్యాల కట్టించిన నాడు, "ఉండు పాపా, ముందు నేను చూస్తా" అని ఎక్కి కూర్చున్నారు. కొక్కెం ఊడింది. నడుము పట్టుకొని లేస్తూనే, "చూస్తివా? చెప్పలా నేను?" అని గర్వంగా అడిగారు.

పెంపుడు కుక్కకు టీకా వేయించబోయి, "ఆ సూది ముందు నాకెయ్యండి" అని చేయి చాచిన మనిషిని గురించి ఇక చెప్పేదేమున్నది? పశువైద్యుడు ప్రభాకరన్ నాటి నుండి ఆయనను గుమ్మం బయటనే కూర్చోబెడుతున్నాడు.

"ఈయనకి ఎవురి మీదా నమ్మకం లేదమ్మా. ప్రసాదం పెట్టినా వాసన చూసే తింటారు" అని పుష్పవల్లి ఇరుగుపొరుగుతో వాపోయేది.

ఆ పుష్పవల్లి స్నానాలగదిలో జారిపడి ముందుపళ్ళు రెండు పోగొట్టుకొన్నది. పేరంటాలు మానింది. చివరకు ఇంట్లోవారితో కలిసి భోంచేయడం కూడా మాని, వంటగదిలో గోడవైపు తిరిగి తినసాగింది.

పురసవాక్కంలో పళ్ళ డాక్టరు హైందవి, గుంటూరు పిల్ల, ఓపికగా వివరించింది.

"దవడ ఎముకలో చిన్న టైటానియం మర బిగిస్తాం పెద్దమ్మా. కొన్ని నెలల్లో ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. అప్పుడు పైన పన్ను పెడతాం. మత్తిస్తాం కదా, నొప్పి తెలీదు."

"ఎముకలో మరా!" పుష్పవల్లి చెప్పులు క్లినిక్కు గుమ్మంలోనే విడిచి ఇల్లు చేరింది.

మరునాడు భక్తవత్సలం గారు "పనుండాది" అని మాయమయ్యారు. సాయంకాలం హైందవి ఫోను చేసింది. నవ్వుతో మాట సాగడం లేదు.

"పెద్దమ్మా, మీ ఆయన పొద్దుట్నుంచీ నా కుర్చీ దిగట్లేదు. ఒక పన్ను పీకి, అక్కడ మర బిగించమంటారు!"

"ఆయన పళ్ళన్నీ రాయి మాదిరి ఉండాయే!"

"నేనూ అదే అంటున్నా! మంచి పన్ను పీకితే నా లైసెన్సు పోతుందండీ అన్నా వినరే. ‘మా పుష్ప భయపడతా ఉండాది. నేను ముందు వేయించుకుని, ఎంత నొస్తాదో దానికి సరిగ్గా చెప్పాల’ అంటున్నారు."

ఆనాడు ఉయ్యాల నుండి క్రిందపడినది జనని కాదు గదా అన్న సంగతి పుష్పవల్లికి ఇన్నేళ్ళకు తోచింది.

"ఆ మనిషిని దించమ్మా," అన్నది. "ఆ కుర్చీలో నేను కూర్చుంటా. ఎప్పుడు రావాల్నో చెప్పు."

చికిత్సనాడు హైందవి భక్తవత్సలం గారికి ఒకే పని అప్పగించింది: భార్య చేయి పట్టుకొని ఉండడం. మర బిగిసేకొద్దీ పుష్పవల్లి పిడికిలీ ఆయన వ్రేళ్ళ మీద బిగిసింది. భక్తవత్సలం గారు చిరునవ్వు చెదరనీయకుండా మునికాళ్ళ మీదికి లేచారు.

"నొచ్చిందా పెద్దమ్మా?"

"లేదే!" అన్నది పుష్పవల్లి తిమ్మిరెక్కిన నోటితో.

ఆటోలో ఇంటికి పోతూ, డాక్టరిచ్చిన ఐసు సంచిని భక్తవత్సలం గారే ఆమె చెంపకు ఆన్చి పట్టుకొన్నారు.

"ఈడ ఇయ్యండి, నేను పట్టుకుంటా."

"ఉండనీవే," అన్నారాయన, వాచిన వ్రేళ్ళను సంచికి మరికొంచెం అదుముకొని. "హాయిగా ఉండాది."