రిమార్కు చదివిన బాలమణి

2007లో నన్ను నాచారం, ఉప్పల్ వయోజన విద్యా కేంద్రాలకు సూపర్‌వైజరుగా వేశారు. కేంద్రాలంటే బడులు కావు. కమ్యూనిటీ హాలో, అంగన్‌వాడీ గదో, ఏది ఖాళీగా ఉంటే అదే. చదువు మూడు వాచకాలుగా సాగాలి. మొదటిది వచ్చింది. రెండోదాని కోసం నాలుగు ఉత్తరాలు రాస్తే, లేదన్న జవాబు కూడా రాలేదు. పుస్తకాలివ్వరు గాని పరీక్ష మాత్రం ఠంచనుగా పెడతారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

నాచారం కేంద్రానికి బాలమణి అని నలభై దాటిన మనిషి వచ్చేది. మందుల ఫ్యాక్టరీలో ఊడ్చే పని. చదవడం వచ్చినట్టు సర్టిఫికెట్టు తెస్తే ప్యాకింగులోకి తీసుకుంటామన్నారట. అక్కడ లేబుళ్లు చదవాలి. అయితే ఆమె వచ్చింది ఆ ఒక్కదాని కోసమే కాదు. భర్త పోయాక చర్చికి వెళ్తోంది.

"పాతయన్ని పోయినయ్, అన్ని కొత్తగైనయ్ అని పాస్టరయ్య సదువుతడు మేడమ్. గా మాట నిజంగ బుక్కుల ఉన్నదో, నన్ను ఊకుంచనీకి అంటున్నడో, నా కండ్లతోని సూస్కోవాలె" అంది.

నేను చర్చి గడప తొక్కినదాన్ని కాను. కానీ రెండో వాచకం లేదు, ఆమె చేతిలో బైబిలు ఉంది. దానితోనే చదివించాను. మూడు నెలలకు ఆ వాక్యం దొరికింది. వేలు తీయకుండా నాలుగుసార్లు చదువుకుని, "ఉన్నది మేడమ్" అంది. మర్నాటి నుంచి అందరికంటే అరగంట ముందే వచ్చి కూర్చునేది.

మూల్యాంకనమంటే పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి, ఒక్కొక్కరి చేత చదివించి రిజిస్టరులో రిమార్కు రాయడం; దాన్నిబట్టే సర్టిఫికెట్టు. ఆ ఏడు వచ్చినాయన పేరు రాయను. ప్రశ్నపత్రాలు మరిచి వచ్చి, నేర్చుకున్న పుస్తకంలోనే చదవమన్నాడు. బాలమణి తన పేజీ తీసి గడగడా చదివేసింది. ఇది చదువు కాదు, కంఠస్థం అని తేల్చాడాయన. నిజం చెప్పాలంటే ఆ పేజీ ఆమెకు నోటికి వచ్చు. అందుకని నేనే అదే బైబిల్లో, ఎవరు ఎవరిని కన్నారో చెప్పే పేర్ల పట్టీ తెరిచాను. ఏ పాస్టరూ ఆదివారం చదివి వినిపించని పేజీలవి, అన్నీ నోరు తిరగని పేర్లు. బాలమణి ఒత్తులు విడదీసుకుంటూ, చెమటలు కక్కుతూ ఎనిమిది పేర్లు లాగింది.

తడబడుతోంది కాబట్టి చదవడం రాదన్నాడు. గడగడా చదివితే కంఠస్థం, ఆగి చదివితే నిరక్షరాస్యత! ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా సర్కారు కేంద్రంలో మతగ్రంథం పెట్టినందుకు నాకు మెమో ఇస్తానన్నాడు. రెండో వాచకాలేవండీ అని అడిగాను. ఆయన రిజిస్టరు లాక్కుని రిమార్కు రాసి, వేలిముద్ర వేయమని ఇంకుప్యాడు ఆమె ముందుకు తోశాడు.

బాలమణి ఇంకు ముట్టలేదు. వంగి, ఆయన రాసిన వరుస మీద వేలు పెట్టింది.

"సద...వడం... రాదు" అని చదివి తలెత్తింది. "గిది నా గురించే రాసిన్రా సార్?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. వెనక వరుసలో ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆయన ‘రాదు’ కొట్టేసి, పక్కన ‘వచ్చు’ అని రాశాడు. దాన్నీ వేలు పెట్టి చదివాకే బాలమణి సంతకం చేసింది.

ఆమె ప్యాకింగులో చేరింది. నాకు మెమో వచ్చింది, జవాబిచ్చాను. రెండో వాచకాలు మరుసటి ఏడు వచ్చాయి. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నా కేంద్రాల్లో ఒక పద్ధతి తప్పలేదు: ఎవరి గురించి ఏ రిమార్కు రాసినా, ముందు వాళ్ల చేత చదివించాలి, ఆ తర్వాతే అధికారి సంతకం.