ఐవీ ట్రెంచర్డ్ గొంతు

మా స్టూడియోలో టీ బండి తోసేది ఐవీ ట్రెంచర్డ్. ఎంత పేరున్న గాయకుడైనా సరే, సిగరెట్ పీకను సాసర్లో నలిపితే, "మీ అమ్మ పెట్టిన కంచంలోనూ ఇలాగే పారేస్తారా?" అని అందరి ముందూ అడిగేసేది. ఆమె తలవంచేది ఒక్క దానికే, తలుపు పైనున్న ఎర్ర దీపానికి. అది వెలిగితే లోపల రికార్డింగ్ జరుగుతున్నట్టు. టీ చల్లారిపోయినా బండి నడవాలో ఆగవలసిందే. ఆరితే లోపలికి పోవచ్చు, తుమ్మవచ్చు, ఎవరినైనా తిట్టుకోవచ్చు. లండన్‌లో ఏ స్టూడియోలోనైనా అదే చట్టం.

అరవై ఏడు వేసవిలో పియర్స్ లోవెల్ అనే గాయకుడు ఆ చట్టాన్ని పీకి పారేశాడు. ఆడపిల్లల గదుల గోడల నిండా అతని బొమ్మలే ఉన్న కాలం. పాటలు చాలు, ఇక మాటలతోనే రికార్డు చేస్తానన్నాడు. టెలిఫోన్లో టైం చెప్పే ఆవిడ గొంతు, లిఫ్టు నడిపేవాడి గొణుగుడు, పేపర్లో చావు కబుర్లు, ఏది దొరికితే అది. వాటిని ముక్కలు కోసి, తిరగేసి, వేగం పెంచి అతికించడం. ఎర్ర వెలుగు మనసును బెదిరిస్తుందంటూ బల్బు తీయించాడు. మిగతా దీపాలకు ఊదారంగు పట్టుగుడ్డలు కప్పాడు. టేపు మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉండాలన్నాడు.

దీపం లేదు కాబట్టి ఐవీ బండితో లోపలికి వెళ్లింది.

"కూర్చో ఐవీ, బంగారం. నీకు పిల్లలున్నారా?" అని అతను మెత్తగా అడిగాడు.

మాలో ఎవరికీ ఆమెను ఆ మాట అడగాలని తోచలేదు. ఆమె పియానో ముందున్న స్టూలు మీద కూర్చుని చెప్పింది. యుద్ధంలో భర్త ఆల్ఫ్ సముద్రానికి అవతల ఉన్నాడు. నాలుగేళ్ల మేవిస్ ఒక పొద్దున బూట్లు తొడుక్కోనని మొండికేసింది. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతోందని ఐవీ పిల్లను కసిరి, పక్కింట్లో వదిలి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆ వీధి మీద రాకెట్ బాంబు పడింది. బిడ్డతో తను అన్న చివరి మాటేమిటో ఆల్ఫ్‌కు ఆమె ఇంతవరకూ చెప్పలేదు. లోవెల్‌కు చెప్పింది.

తరువాతి వారం ఆమె టీ తెచ్చేసరికి, నేను యంత్రాలు నడిపే గదిలో మేము టేపు వేసి వింటున్నాం.

"తొడుక్కో మేవిస్, లేకపోతే నువ్వు నాకొద్దు. నువ్వు నాకొద్దు. నువ్వు నాకొద్దు."

వేగం పెంచడంతో అది కీ ఇచ్చిన బొమ్మ గొంతులా కిచకిచలాడుతోంది. లోవెల్ స్నేహితులు పడీపడీ నవ్వుతున్నారు. ఐవీ కెటిల్ కింద పెట్టింది.

"అది నా గొంతు కదండీ?"

"నీదే! రికార్డు మొత్తంలో నిజమైన మాట అదొక్కటే ఐవీ."

"నేను మీకు టీ ఇచ్చాను. ఇది ఇవ్వలేదు. తీసేయండి."

"అది ఇప్పుడు నీ మాట కాదు బంగారం, ఉత్త శబ్దం. రేడియోలో దేశమంతా వింటుంది."

"మా ఆయన పొద్దస్తమానం రేడియో దగ్గరే కూర్చుంటాడు."

"ఇంకా మంచిది. ఏడవనీ!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో మా అమ్మాయికి అప్పుడు మూడేళ్లు. బూట్ల దగ్గర రోజూ మాకూ యుద్ధమే, ఆ కోపంలో నా నోటికి ఏ మాట వస్తుందో నాకే తెలియదు. ఐవీ మాత్రం కేకలు వేయలేదు. పక్కనున్న పెద్ద గదిలోకి నడిచి, ఆ పియానో స్టూలు మీదే కూర్చుంది.

"తీసేదాకా లేవను."

అక్కడ ఆ మాటల వెనక వాయించడానికి వయొలిన్ల వాళ్లు సిద్ధంగా ఉన్నారు. చెల్లో వాయించే ముసలాయన తన కమాను పెట్టెలో పెట్టేసి, "ఆవిడ చెప్పింది వినపడింది కదా బాబూ?" అన్నాడు. మిగతావాళ్లూ వాద్యాలు దించారు.

లోవెల్ నా వైపు తిరిగాడు. "నువ్వు యంత్రాలు చూసేవాడివేగా? ఆవిణ్ణి బయటికి పంపు."

"ఎర్ర దీపం వెలగనిదే ఇక్కడ జరిగేది రికార్డింగే కాదండీ," అని బ్లేడు తీసి టేపులో ఆ ముక్క కోసేశాను.

"కోసుకో. ఇంట్లో కాపీ ఉంది."

"తెప్పించు," అంది ఐవీ. అంతదాకా 'అండీ' అన్న మనిషి.

చివరికి అతను డ్రైవర్‌ను పంపాడు. కాపీ వచ్చేదాకా ఆమె కదల్లేదు, ఎవరూ వాయించలేదు. వచ్చాక కోసిన ముక్కనూ కాపీనీ, అయస్కాంతంతో టేపు మీది శబ్దాన్ని చెరిపే యంత్రం మీద పెట్టి తిప్పాను. ఆమె ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూసింది. అదే గోధుమరంగు, అదే మెరుపు.

"నువ్వూ నన్ను వెర్రిదాన్ని చేస్తున్నావా అబ్బాయ్? ఏం పోయింది ఇందులోంచి?"

అయస్కాంతం సంగతి చెప్పబోయి మానుకున్నాను. టేపు ఎక్కించి వినిపించాను. ఉత్త 'స్‌స్‌' మని హోరు. స్పీకర్‌కు చెవి ఆనించి, చివరిదాకా వింది. తరువాత కాపీ టేపునూ వింది.

శీతాకాలంలో రికార్డు వచ్చింది. ఆ ముక్క ఉండవలసిన చోట లోవెల్ ఏమీ పెట్టకుండా వదిలేశాడు. ఆ నిశ్శబ్దం అతని ప్రతిభకు శిఖరమని ఒక పత్రిక రాసింది. పేపరు చించి పారేయాలన్నంత కోపంతో తీసుకెళ్లి ఐవీకి చదివి వినిపించాను.

"ఆల్ఫ్ విన్నాడు. రేడియో పాడైందనుకుని తట్టాడు," అంది.

"అది కాదు ఐవీ, దానికి కూడా వాడు తన పేరే వేసుకున్నాడు!"

"వేసుకోనీ," అంది కప్పులు సర్దుతూ. "మేవిస్ పేరైతే లేదుగా."