పావు దగ్గర ఆగిన ముల్లు

ఇది రాయకుండా తప్పించుకుందామనే చూశాను. మన తెలుగు సంఘం పత్రికకు ఒక రెండు పేజీలు రాసివ్వమని కార్యదర్శి ఫోన్ చేస్తే, కళ్ళు సరిగ్గా కనబడటం లేదన్నాను. కళ్ళు బాగానే ఉన్నాయి. అసలు సంగతి భయం. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా పై అంతస్తు సుబేదారు గారు పోయారు. పొద్దున నడకకు వెళ్దామని బూట్ల లేసులు కట్టుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆ కబురు నాకు మా గేటు దగ్గర ఇస్త్రీ చేసే అతను చెప్పాడు. "అంకల్ జీ, ఫౌజీ సాహబ్ నహీ రహే" అని, చేతిలో ఇస్త్రీ పెట్టె దించకుండా అలాగే నిలబడ్డాడు. నేను పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డాను. ఎవరం ముందు కదిలామో గుర్తులేదు.

ఆయనది విజయనగరం వైపు. సైన్యంలో బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి, చివరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటులో ముగించుకుని, మయూర్ విహార్‌లో మా పైన ఫ్లాటు కొనుక్కున్నారు. గళ్ళ లుంగీ, దానిమీద మిలిటరీ స్వెట్టరు. ఏది బాగుచేసినా, మిక్సీ కానీ కుక్కరు కానీ, దానికి ఒక తెల్ల టేపు ముక్క అంటించి 'ఓకే' అని రాసి కింద పొట్టి సంతకం పెట్టేవారు. వర్క్‌షాపు అలవాటట. సంతకం లేని బండి గేటు దాటకూడదు. మా ఇంట్లో ఇప్పటికీ ఏడెనిమిది వస్తువులు ఆయన పూచీ మీదే నడుస్తున్నాయి.

ఇక్కడ నా కారు గురించి చెప్పాలి. పదో తరగతి చదువుతో గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ గుమాస్తాగా చేరినవాణ్ణి. ఒక వానాకాలం ఆర్.కె. పురం బస్టాపులో నిలబడి ఉంటే, రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారొకటి నా ప్యాంటు మీద బురద కొట్టి వెళ్ళింది. బుద్ధున్నవాడైతే తిట్టి ఊరుకుంటాడు. నేను ఆదివారాలు దరియాగంజ్ పేవ్‌మెంటు మీద పాత మోటారు పత్రికలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, వాటితోనే ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో గేర్లూ బ్రేకులూ ఎక్కువ, వ్యాకరణం తక్కువ. ఒకసారి ఆఫీసు నోట్‌లో ఫలానా ఫైలు ఓవర్‌హీట్ అయిందని రాస్తే మా అండర్ సెక్రటరీ... సరే, అది వేరే కథ. అరవై ఏడో ఏట ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర అలాంటి ఎర్రదే కనబడింది. కొనేశాను. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "అందులో మీరు కూర్చోగలరు. లేవగలరా?" అంది.

కారులో ఒకటే తేడా. పెట్రోలు ముల్లు నిండు నుంచి బుద్ధిగా దిగుతూ వచ్చి పావు దగ్గర ఆగిపోయేది. ఆపైన ఎంత తిప్పినా పావే. సుబేదారు గారికి చెప్పాను. సీట్ల వెనక మూత తీసి, ట్యాంకు మీదినుంచి మీటరుకు వెళ్ళే తీగ ఊడదీశారు. ముల్లు టక్కున అడుగుకు పడింది. ఆ తీగనే కారు ఇనుముకు తాకించారు. ముల్లు నిండుకు లేచింది.

"మీటరు ఠీక్ హై బాబూ. మీరే బండి సరిగ్గా తిప్పట్నేదు" అని నవ్వి, ముల్లు పక్కన టేపు అంటించి సంతకం పెట్టారు.

జనవరిలో, గ్రేటర్ నోయిడా హాస్టల్లో ఉన్న మా మనవరాలికి చలికి రజాయి దుప్పటి ఇచ్చి రావాల్సి వచ్చింది. పొద్దున్నే పొగమంచు. నాకు ఒక్కడినే వెళ్ళడం భయం. ఆ మాట అనలేదు, మెట్ల దగ్గర తచ్చాడాను. ఆయన చూసి, "పదండి బాబూ, నానూ వస్తాను" అన్నారు.

ఎక్స్‌ప్రెస్‌వే మీద పొగమంచు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లటి గోడలోకి నడుపుతున్నట్టు ఉంది. మధ్య లేన్‌లో ఉండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు పావు చూపిస్తోంది. దాని పక్కన ఆయన సంతకం.

వెనకనుంచి లారీ హారన్ వినబడింది. ఎంత దూరమో తెలియదు. ఆ కారు సీటు నేలకు జానెడెత్తులో ఉంటుంది. ఆయన మోకాలు అరిగింది, రెండు చేతులూ ఊని లేవడానికి ఒక నిమిషం పడుతుంది. అది నాకు తెలుసు. తెలిసీ తలుపు తీసుకుని పరుగెత్తాను. ఒక్క మాట చెప్పలేదు, ఒక చెయ్యి అందించలేదు. అంచు రెయిలింగ్ మీదినుంచి దూకి అవతల గడ్డిలో కూర్చుని కళ్ళూ చెవులూ మూసుకున్నాను. లారీ పోయింది. ఇంకోటి పోయింది. చప్పుడైతే ఏమీ కాలేదు. అయినా కళ్ళు తెరిచి చూడటానికి ధైర్యం చాలలేదు.

చూసేసరికి కారు రోడ్డు అంచున ఉంది, నాలుగు లైట్లూ మిణుకుమంటున్నాయి. ఆయనే దిగి, కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని ఒక్కరే తోసుకొచ్చారు. నా వైపు చూసి, "దెబ్బేటీ తగల్నేదు గదా?" అన్నారు. తర్వాత లోపలికి వంగి, మీటరు పక్కనున్న టేపు పీకి జేబులో వేసుకున్నారు.

"తప్పు నాది బాబూ. మీటరు సూశాను గానీ ట్యాంకు సూణ్ణేదు. సూడకుండా సంతకం ఎట్టేశాను."

నేను కాదనలేదు. అది ఆయన తప్పుగానే ఉండనిచ్చాను. ఆయన తప్పు పెద్దదైతే నాది కనబడదు కదా అని ఆ చలిలో కూడా లెక్క వేసుకున్నాను.

ఆ తర్వాత రెండు వారాలు ఆయనకు నిద్ర లేదు. ట్యాంకులోంచి ఫ్లోటు బయటికి తీయాలన్నారు. పెట్రోలు మీద తేలుతూ ఎంత ఉందో ముల్లుకు చెప్పే బంతి అది. పార్కింగులో ఫోన్లన్నీ ఇంట్లో పెట్టించారు, బ్యాటరీ తీగ విప్పారు, నా చేతికి ఇసుక బక్కెట్టు ఇచ్చారు. మూత తీయగానే పెట్రోలు ఆవిరి గుప్పుమంది. నేను బక్కెట్టుతో సహా గేటు దాకా జరిగాను.

"అక్కణ్ణుంచి ఇసరితే ఇసుక నా మీద పడదు బాబూ, గేటు బయట మదర్ డెయిరీ పాల బూతు మీద పడతాది. దగ్గరికి రండి."

వెళ్ళాను. ఆయన భుజం పక్కనే నిలబడ్డాను. ఫ్లోటు బయటికొచ్చింది. బంతికి చిల్లు లేదు, దాన్ని పట్టుకునే కమ్మీ వంగలేదు. మూత బిగించి, ఆవిరి పోయాక, బ్యాటరీ మళ్ళీ కలిపి, ఫ్లోటుకు తీగ తగిలించి చేత్తో ఆడిస్తే ముల్లు నిండు నుంచి అడుగు దాకా నూనె రాసినట్టు కదిలింది. తిరిగి ట్యాంకులో పెడితే మళ్ళీ పావు. ఏ ముక్కకు ఆ ముక్క మంచిదే, అన్నీ కలిపితే అబద్ధం. అప్పుడు ఆయన మొహంలో భయం చూశాను. లారీలకు భయపడని మనిషి.

"కాళీ అని బెదిరించే ముల్లుతో ఇబ్బంది నేదండి. ఇంకా ఉంది, ఎల్లిపో అని దైర్యం సెప్పేదానికే బయపడాల" అన్నారు.

చివరికి అట్టపెట్టె పరుచుకుని, ఆ మోకాలితోనే కారు కిందికి దూరారు. కాసేపటికి కిందినుంచి నవ్వు వినబడింది. కారు మరీ కిందికి ఉంటుంది కదా, ఏదో కాలనీ స్పీడ్ బ్రేకర్ ట్యాంకు అడుగును లోపలికి తన్నింది. బయట సొట్ట, లోపల బొడిపె. ఫ్లోటు దిగుతూ వచ్చి ఆ బొడిపె మీద కూర్చునేది. దాని పక్కన పెట్రోలు మాత్రం చివరి చుక్కదాకా అయిపోయేది.

ట్యాంకు దింపించి, సొట్ట తీయించారు. ఈసారి టేపు అంటించలేదు. "నిండా పోసి, కాళీ అయ్యేదాకా కాలనీలోనే తిప్పండి. ముల్లు అడుగుకి దిగితే అప్పుడు సెప్పండి, రాస్తాను" అన్నారు. అది జరిగి రెండు నెలలు. ఆ పొగమంచు ఉదయం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ముల్లు అడుగుకు దిగేలోపే ఆయన పోయారు.

పదకొండో రోజున వాళ్ళింట్లో భోజనాలయ్యాక ఆయన భార్య, నేను చెల్లెమ్మా అని పిలుస్తాను, నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"అన్నయ్య గారూ, ఆవేళ మంచులో మీరు ఎనక్కి పరిగెత్తి లారీలకి సెయ్యి ఊపారటగదా. మీరు నేకపోతే అప్పుడే పోయీవోణ్ణి అన్నారు ఈయన. అందరికీ సెప్పీవోరు."

చుట్టూ పదిమంది ఉన్నారు. నేనూ చేతులు జోడించాను. ఆవిడ దాన్ని నా వినయం అనుకుంది.

ఆయన నిజంగా అలా అనుకున్నారో, మంచులో కనబడక పొరబడ్డారో, నన్ను కాపాడారో, ఇక అడగడానికి లేదు. ఇరవై రోజులుగా మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు వినబడితే తలుపు వేసుకుంటున్నాను. ఈ పత్రిక ఆవిడ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. కాబట్టి అచ్చులో చూసే ముందు నా చేతులతోనే ఇవ్వాలనుకున్నాను.

నిన్న సాయంత్రం ఈ కాగితాలు పైకి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని, బాల్కనీ గుమ్మంలో నిలబడి చదివింది. పదకొండో రోజు సంగతి దాకా వచ్చి, వెనక్కి వెళ్ళి ఒక పేజీ మళ్ళీ చదివింది. నేను కూర్చోలేదు. చదవడం అయ్యాక కాగితాలు సరిగ్గా మడిచి నా చేతికిచ్చింది.

"పంపించండి" అంది.

కిందినుంచి హారన్ వినబడింది. ఆవిడ తొంగి చూసి, "నీళ్ళ ట్యాంకరు వొచ్చిందండి, మీ కారు అడ్డంగా ఉంది" అంది.

కిందికి దిగి కారు తీసి గోడ పక్కన పెట్టాను.