అప్పలరాజులందరూ ఒకే పెట్టెలో

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల పెళ్లిళ్లు సగం మా అత్తగారు చిన్నమ్మి గారి చేతుల మీదుగానే జరుగుతాయి. నేనూ అలా వచ్చినదాన్నే. కోర్బా బొగ్గు గనుల్లో పనిచేసే మా నాన్న నా ఫొటో ఆవిడకి ఇస్తే, ఆవిడ ఊరంతా వెతికి చివరికి తన కొడుకు వేణుగోపాల్‌నే అంటగట్టారు. వెతకడానికి ఎంత కష్టపడ్డారో పాపం!

ఆవిడ ఆస్తి ఒక ముసలి ల్యాప్‌టాప్. మూత నిలబడదు, వెనకాల కందిపప్పు డబ్బా ఆనించాలి. అయినా పలాస నుంచి ఖరగ్‌పూర్ దాకా పెళ్లికావలసిన రైల్వే పిల్లలందరూ అందులోనే ఉన్నారు. ఫొటో మాత్రం ఎవరికీ పంపరు. చూడాలంటే మా ఇంటికి రావాలి, టీ తాగాలి, ఆ ల్యాప్‌టాప్ డబ్బా ముందు కూర్చోవాలి. నచ్చితేనే నంబరు.

"ఫోన్లో ఎట్టినామంటే పిల్ల మొహం కోటా దాకా తిరిగొస్తాది" అంటారు.

ఊళ్లోనే లాల్‌ఖదాన్ పేట నుంచి రాజశ్రీ అలాగే వచ్చి కూర్చుంది. బడిలో లెక్కలు చెబుతుంది. అంతకుముందు పెళ్లిచూపులకి వచ్చిన ప్రతివాడూ ఏదో ఒక వంక పెట్టి పోయాడు. ఆ రోజు మాత్రం ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది. అప్పలరాజు, ఇంజన్ డ్యూటీ, చక్కగా నవ్వుతున్నాడు.

"పిన్నీ, ఇతనికి సరే. ఇదీ తప్పిపోతే మాత్రం ఇంక నన్ను పిలవొద్దు. బస్, హో గయా" అంది. అత్తగారు ఆ పిల్ల చేతిలో చెయ్యేసి మాటిచ్చేశారు.

సరిగ్గా ఆ వారమే మా ఆయన కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. ఇంక చూడాలి సంబరం! అత్తగారు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నాలుగు మూలల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు.

"దానికి చక్రాల్లేవమ్మా" అన్నాడు మా ఆయన.

"మరేటి మీద నడుస్తాది?" అన్నారావిడ. నిమ్మకాయలు అక్కడే ఉన్నాయి.

పాతదాంట్లో ఒక్కో ఊరికి ఒక్కో ఫోల్డర్ ఉండేది. అందులో ఒక్కొక్కరికి ఫొటో ఒకటి, నంబరు ఒకటి, రెండిటికీ వాళ్ల పేరే. మా ఆయనకి శుభ్రం జబ్బు. "కొత్తదాంట్లో అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసెయ్యమ్మా" అని చెప్పి డ్యూటీకి పోయాడు. రాహుకాలం దాటాక అత్తగారే స్వయంగా పని మొదలుపెట్టారు. నేను వంటింట్లో ఉన్నాను. కాసేపటికి కొడుక్కి ఫోన్ చేశారు.

"ఒరే, ఈ పేరుతో ఒకటి ముందే ఉన్నాది, మార్చీమంటావా అని అడుగుతాంది. ఏటి చెయ్యమంటావు?"

"అవుననెయ్యమ్మా, అన్నిటికీ అవుననెయ్యి!"

ఆవిడ అనేశారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇళ్లలో సింహాచలం అప్పన్నకి మొక్కని తల్లి లేదు, ఆ దేవుడి పేరు పెట్టుకున్న అప్పలరాజు లేని గడప లేదు. ఊరికొకడు చొప్పున ఉన్నవాళ్లంతా ఆ పూట ఒకడి మీద ఒకడు కూర్చుని, చివరికి ఒక్కడు మిగిలాడు. సాయంత్రం మా ఆయన పాతదాంట్లో ఉన్నదంతా చెరిపేసి, దుకాణంలో ఇచ్చేశాడు.

రాజశ్రీ నాన్నకి కొత్తదాంట్లోంచి నంబరు ఇచ్చేటప్పుడు అత్తగారు ఫొటో తెరవలేదు. చూసిందేగా! ఆయన ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగాడట. అప్పలరాజు గారిల్లేనా? ఇంజన్ డ్యూటీయేనా? రెండిటికీ అవునన్నారు.

ఆదివారం లాల్‌ఖదాన్‌లో పెళ్లిచూపులు. అత్తగారితో నేనూ వెళ్లాను. గుమ్మంలోకి అబ్బాయి వచ్చాడు. పొట్టిగా, కళ్లద్దాలతో, చేతిలో స్వీట్ల పెట్టెతో. ఫొటోలో నవ్విన అతను కాదు!

రాజశ్రీ నావైపు చూసింది. నేను అత్తగారి వైపు చూశాను. నాకైతే భూమిలోకి దిగిపోవాలనిపించింది, మా ఆయన్ని ముందు తోసి. కానీ ఆవిడ దాచే మనిషి కాదు. లేచి నిలబడ్డారు.

"బావూ, తప్పు మాది. ఈ పిల్ల చూసిన ఫొటో నీది కాదు. మా కొత్త డబ్బా మార్చీమంటావా అని అడిగితే అవుననీసినాను, ఒక అప్పలరాజు మీద ఇంకో అప్పలరాజు పడిపోనాడు."

అబ్బాయి పకపకా నవ్వాడు.

"నాకిది కొత్తేటి కాదండి. మా ఇంజన్ల షెడ్‌లో అప్పలరాజులం నలుగురం. నా సెలవు ఇంకొకడు తీసుకుంటాడు, వాడి మెమో నాకొస్తాది. ఓ పాలి ఎవడి పుట్టినరోజు కేకో నేనే కోసీసినాను. ఇన్నాళ్లకి పొరపాటున ఓ మంచి చోటుకొచ్చాను. టీ తాగి ఎల్లిపోతాను, పర్వానేదు."

రాజశ్రీ నవ్వింది. చేతిలో ట్రే కప్పులతో సహా గలగలలాడేంత నవ్వు. ఆ పిల్ల అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

అత్తగారు మాత్రం వదల్లేదు. "ఒలే అమ్మీ, దిగులెట్టుకోకు. ఆ ఫొటో అబ్బాయిని ఎక్కడున్నా వెతికి తెస్తాను. మాటిచ్చినాను."

రాజశ్రీ టీ కప్పు కళ్లద్దాల అప్పలరాజు చేతికిచ్చి, ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది.

"వెతకొద్దు పిన్నీ. మార్చెయ్యాలా అని డబ్బా అడిగింది కదా? ఈసారి నేను చెబుతున్నా. అవును."