తోడు మనిషికి బదులు బెల్టు

నడుముకి బెల్టు ఇచ్చిన రోజే ఆయన తోడు మనిషిని తీసేశారు. వాషింగ్ మెషీన్లు ఇళ్లకి చేరవేసే గోడౌన్లో ఆయనది పదకొండేళ్ల పని. నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజూ సూపర్‌వైజర్ చూపించిన చోట సంతకం పెట్టి, నల్ల బెల్టు చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

అంతవరకూ మెషీన్‌కి ఇద్దరు. మెట్ల మీద పైన ఈయన, కింద జోడీ. చుట్టరికం లేకపోయినా ఒకరికొకరు బావలు. కిందివాడు "ఊఁ" అంటేనే పైవాడు మరో మెట్టు ఎక్కాలి. అది వాళ్ల పద్ధతి. జోడీని వేరే బండికి పంపేశారు. "బెల్టు ఉందిగా, ఇద్దరెందుకు?" అన్నాడు సూపర్‌వైజర్.

ఈయనా నమ్మాడు. ఎంత బిగిస్తే అంత బలమనుకున్నాడు. ఇంట్లోనూ విప్పేవాడు కాదు.

"నన్ను పెళ్లాడిన కొత్తలో కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు కదయ్యా!" అని నవ్వేది భార్య.

"నువ్వు జారిపోవు. ఇది జారుతుందే," అనేవాడు.

ఒక మధ్యాహ్నం, మూడో అంతస్తు. మెషీన్‌ని తాడుతో వీపుకి కట్టుకుని ఎక్కుతున్నాడు. మలుపు దగ్గర పాత అలవాటు కొద్దీ ఆగాడు, కింద నుంచి "ఊఁ" వినబడాలని. కింద ఎవరూ లేరు. ఆ సంగతి గుర్తొచ్చేలోపు, ఊపిరి బిగబట్టి, సగం వంగి, అంత బరువుతో నిలబడే ఉన్నాడు. నడుములో ఏదో పటుక్కుమంది.

"బెల్టు బరువు మోయదు నాయనా. మోసింది నీ వెన్నే," అంది డాక్టరమ్మ. "అది ఉందన్న ధైర్యంతో శక్తికి మించి ఎత్తావు. ఇక బరువులు వద్దు." కూర్చుని చేసే పని ఇప్పించమని చీటీ రాసింది.

ఆ చీటీ మీదే ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు. అది పట్టుకుని గోడౌన్‌కి వెళ్లాడు.

"దెబ్బ తగిలినప్పుడు బెల్టు ఉందా?" సూపర్‌వైజర్ అడిగాడు.

"ఉందండీ."

"ఉంటే నడుమెందుకు పడుతుంది? సరిగ్గా పెట్టుకుని ఉండవు."

"బిగించే పెట్టుకున్నానండీ."

"అయితే నీకు ఎత్తడం రాదన్నమాట. పదకొండేళ్లు ఏం చేశావయ్యా?"

అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. "బెల్టు సరిగా ధరించలేదు" అని రాసి ఉన్న కాగితం ముందుకు జరిగింది. పని ఉండాలంటే సంతకం కావాలి. పెట్టాడు. డాక్టరమ్మ చీటీ మడత కూడా విప్పలేదు వాళ్లు.

ఇప్పుడు పొద్దున్నే భార్యే ఆయన చెప్పుల బకిల్ పెడుతుంది. బెల్టూ ఆమే బిగిస్తుంది. ఆ మాటా ఈ మాటా చెప్పి నవ్వించడం మానేసింది. "ఈ ఒక్కరోజుకి వెళ్లకపోతే?" అంటుంది. ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగుతాడు. మళ్లీ ఎక్కడో ఎవరి మెట్లో ఎక్కడానికి.

అవి మీ ఇంటి మెట్లే కావచ్చు. వీపున అంత బరువుతో ఒక్క మనిషే వస్తే "బెల్టు ఉందిలే" అని తలుపు తీసి ఊరుకోకండి. ఉన్నచోటే దించమనండి. అతన్ని తిట్టకండి, పంపినవాళ్లకి ఫోన్ చేయండి. రెండో మనిషి ఏడని అడగండి. వచ్చేదాకా రసీదు మీద సంతకం పెట్టకండి. ఆయన ఎలాగూ అడగలేడు. మీరు అడగగలరు.