సూరయ్య పట్టుకుంటే బొమ్మ వస్తాది

వంశధారకూ నాగావళికీ మధ్య, గాల్లో పోయే టీవీ బొమ్మను చేత్తో పట్టి ఇంట్లో పడేయగల మొనగాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు సూరయ్య. ఆయన ఏంటెన్నా గొట్టం మీద చెయ్యి వేస్తే ఢిల్లీలో వార్తలు చదివే మనిషి ఉలిక్కిపడి చీర సర్దుకుంటుంది. ఆయన డాబా మీదుగా పోయే ఉపగ్రహాలు చెప్పులు విడిచి మరీ పోతాయి. తలుచుకుంటే సూరయ్య టీవీ లేకుండా ఉత్త గోడ మీదే బొమ్మ రప్పించగలడు. టీవీ చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాడంతే.

ఇంత గొప్ప చెప్పాక నిజం కూడా కొంచెం చెప్పాలి. ఈ సంగతి జరిగిన రెండువేల పదిహేనులో, ఆ మొనగాడి టీవీలో బొమ్మ కనిపించి పది నెలలు దాటింది.

సూరయ్యది శ్రీముఖలింగానికి మూడు మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊరు. రెండున్నర ఎకరాల వరి, గట్ల మీద కంది, అరవై ఎనిమిదేళ్ళ వయసు, ఎవరి మాటా వినని రెండు చెవులు. ఇదీ ఆయన ఆస్తి. గోగునారకు మంచి ధర పలికిన ఏడాది టీవీ కొన్నాడు. అప్పుడు శ్రీకాకుళం నుంచి మెకానిక్కు వచ్చి, డాబా మీద గొట్టం నిలబెట్టి, దాని చివర అల్యూమినియం కడ్డీల ఏంటెన్నా బిగించి, పడమటి కొండ మీదున్న రిలే టవరు వైపు తిప్పి వెళ్ళాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దూరదర్శన్ బొమ్మ తుడిచిన అద్దంలా వచ్చింది. ఊళ్ళోకి కేబులు వచ్చింది, డిష్షులు వచ్చాయి. సూరయ్య లెక్కచెయ్యలేదు. "గాలి ఊరకే వస్తాది, బొమ్మా ఊరకే వస్తాది, మజ్జిన నువ్వెవుడివిరా?" అని కేబులు కుర్రాణ్ణి గుమ్మంలోంచే పంపేశాడు.

పోయిన ఏడు అక్టోబరులో తుఫాను వచ్చి ఆ ఏంటెన్నాని ఎత్తుకెళ్ళి వెనకింటి అరటిచెట్లలో పారేసింది. సూరయ్య దాన్ని మోసుకొచ్చాడు. వంగిన కడ్డీలను మోకాలికి ఆనించి తిన్నగా చేశాడు. మెకానిక్కును పిలుద్దామని భార్య సుభద్రమ్మ అంటే ఆయనకు ఒళ్ళు మండింది.

"సేపల బుట్ట పెట్టడం రానోడినా నాను? ఇదీ అలగే."

వానాకాలం పై మడిలోంచి కింది మడిలోకి నీళ్ళు దూకేచోట, గట్టు గండిలో వెదురుబుట్ట పెట్టడం ఆ ఊరి రైతులందరికీ అలవాటు. వెడల్పు మూతి నీళ్ళొచ్చే వైపు, సన్నటి తోక కింది వైపు. చేప లోపలికి పోతుంది, తిరిగి రాలేదు. సూరయ్య బుట్ట పెట్టాడంటే ఆ రాత్రి ఆ వీధిలో సగం ఇళ్ళలో పులుసే. ఏంటెన్నాకీ ఒక కొసన పొడుగు కడ్డీ ఉంది, రెండో కొసకు పోయేకొద్దీ కడ్డీలు పొట్టివవుతున్నాయి. సూరయ్య దాన్ని అటూ ఇటూ చూశాడు. వెడల్పు మూతి బొమ్మొచ్చే కొండ వైపు పెట్టి, సన్న తోక వెనక్కి వదిలి, కట్టుతీగ బిగించి కిందికి దిగాడు.

ఆరోజు నుంచి టీవీలో చుక్కలు. తవుడు చెరుగుతున్నట్టు ఒకటే హోరు. ఎప్పుడైనా ఆ తవుడులోంచి ఒక ముక్కో ఒక చెవో కనిపించేది, అది ఎవరిదో తెలిసేలోగా పోయేది.

తప్పు మాత్రం సూరయ్యది కాదు. ముందు అది సుభద్రమ్మ తడిచీరలది. ఆమె చీరలు పెరట్లోకి మార్చాక తప్పు గుమ్మడి వడియాలది. వడియాలూ దింపేశాక తప్పు ఒక కాకిది. చివరికి అసలు దొంగ దొరికాడు. ఎదురింట్లో ఉండే సుభద్రమ్మ తమ్ముడు తిరుమలరావు డాబా మీద కొత్తగా డిష్షు పెట్టాడు. గాల్లో వచ్చే బొమ్మంతా ఆ గిన్నె తాగేస్తోందని సూరయ్య తేల్చేశాడు.

"అది ఆకాసం కేసి సూత్తన్నాది బావా, నీ కొండ కేసి కాదు," అని తిరుమలరావు మొత్తుకున్నాడు.

"దొంగోడు ఎప్పుడూ సరుకు కేసి సూడడ్రా. ఇంకెటో సూస్తాడు."

ఇదంతా ఇలాగే నడిచిపోయేది. కానీ జూలైలో ఊడుపుల వేళ దూరదర్శన్ వాళ్ళు వ్యాను వేసుకుని వచ్చి సూరయ్య మడిలోనే ఊడుపు పాటలు తీశారు. ఆకు ఊడ్చే, అంటే వరినారు నాటే, ఆడవాళ్ళలో పాట ఎత్తేది సుభద్రమ్మ, వెనక అందుకునేది బుల్లమ్మ, ఇంకో నలుగురు. ఆ పాటల్లో గట్టు మీద నిలబడ్డ రైతును పేరు పెట్టి వెక్కిరించడం ఆనవాయితీ. ఏమన్నా రైతు కోప్పడకూడదు. ఆ రోజు సూరయ్య ఎరువు కోసం పాతపట్నం పోయాడు. గట్టు ఖాళీగా ఉన్నా పాటలో మాత్రం రైతు ఉన్నాడు. ఏమని పాడారని ఇంటికొచ్చి అడిగితే బుల్లమ్మ చెంగు నోట్లో కుక్కుకుని పారిపోయింది.

"టీవీలో వస్తాది కదా, సూసుకో," అంది సుభద్రమ్మ.

సెప్టెంబరులో ఫోను వచ్చింది. బుధవారం సాయంత్రం అయిదున్నరకు వేస్తారు. ఒక్కసారే వేస్తారు. సుభద్రమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "బుధవారం మా తమ్ముడింటికి ఎల్లి సూత్తాను," అంది.

సూరయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏటీ? నా పెళ్ళాన్ని ఇంకోడి టీవీలో సూడాలా?"

"నీ టీవీలో నీ పెళ్ళాం కాదు కదా, ఆకాసంలో సుక్కలు తప్ప ఏటీ నేదు."

"బుధవారం నువ్వు ఈ ఇంట్లోనే, ఈ టీవీలోనే కనబడతావు. వీధి వీధంతా పిలుస్తాను. సూడు."

అని ఊరుకోలేదు. తెల్లారేసరికి నిజంగానే వీధంతా పిలిచేశాడు.

ఇక నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ తిన్నగా తిండి లేదు. ఏంటెన్నా తేలిగ్గా తిరగాలని సూరయ్య గొట్టానికి ఉన్న కట్టుతీగలు విప్పేశాడు. ఆయన డాబా మీద, సుభద్రమ్మ టీవీ ముందు, వాకిట్లో మనవరాలు యమున. యమున పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు పోయి ఇంట్లోనే ఉంటోంది. లోపలి మాట పైకీ, పైమాట లోపలికీ అందించడం ఆమె పని. ఉన్నదున్నట్టు అందిస్తే ఆమె యమున ఎందుకవుతుంది?

"వచ్చినాదా?" పైనుంచి.

"రాలేదు," లోపలినుంచి.

"సగం వచ్చినాదంట తాతా! ఇంకొంచెం తిప్పు!" వాకిట్లోంచి.

ఆ 'ఇంకొంచెం' కోసం సూరయ్య ఎండలో గంటసేపు తిప్పాడు. ఒకసారి గొట్టం కొద్దిగా ఉత్తరానికి తిరిగినప్పుడు ఎక్కణ్ణుంచో ఒడియా వార్తలు స్పష్టంగా వినిపించాయి, ఒక ఒడియా అమ్మాయి మసకగా నవ్వింది. సూరయ్య పైనుంచి పండగ చేసుకున్నాడు.

"వచ్చినాదా నేదా? సెప్పండి!"

"వచ్చినాది, గానీ నాను కాదు!" అంది సుభద్రమ్మ.

అసలు చిత్రం ఇంకొకటి. సూరయ్య గొట్టాన్ని రెండు చేతులతో కావిలించుకుంటే బొమ్మ కొంచెం తేలేది. వదిలితే మునిగేది. కాబట్టి కిందికి దిగి చూసే భాగ్యం ఆయనకు లేదు. బొమ్మ వచ్చిందని ఎవరైనా అంటే నమ్మడమే. పట్టుకున్నవాడికి కనబడదు, చూసేవాళ్ళకు పట్టుకునే ఓపిక లేదు. ఈ లెక్క యమునకు కూడా అర్థమైంది.

బుధవారం వచ్చింది. అయిదు గంటలకే వీధిలో ఆడవాళ్ళంతా ముందుగదిలో చాపల మీద కూర్చున్నారు. బుల్లమ్మ తలకు నూనె రాసుకుని, కొడుకు ఎల్లాజీని వెంటబెట్టుకుని వచ్చింది. ఎల్లాజీ పక్కూళ్ళో రేడియోలూ టీవీలూ బాగుచేస్తాడు. అతను ఏంటెన్నా కేసి చూసి ఏదో అనబోతే, "నువ్వు డిష్షు కొనమంటావు, నాకు తెలుసు, కూకో," అని సూరయ్య ఆరునెలల క్రితమే మొదలైన తగవును కొనసాగించాడు. సుభద్రమ్మ ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. అది పెళ్ళిళ్ళకు తప్ప పెట్టె దాటదు. తిరుమలరావు గుమ్మంలో నిలబడి చెవి గోక్కుంటున్నాడు.

అయిదుంబావుకి చుక్కలు. అయిదు ఇరవైకి చుక్కలు. అయిదు ఇరవై అయిదుకి చుక్కల్లోంచి ఎవరిదో ముక్కు.

"అక్కా," అన్నాడు తిరుమలరావు మెల్లగా. "మా టీవీ ఆన్ చేసే ఉంచినాను."

సుభద్రమ్మ లేచింది. గుమ్మం దాటి, చెప్పులు తొడుక్కుంది. డాబా అంచు మీదనుంచి సూరయ్యకు పట్టుచీర కనిపించింది.

"ఎక్కడికే?"

"ఒక్కసారే వేస్తారంట. నాను సూసుకోవద్దా?"

న్యాయమైన మాట వింటే సూరయ్యకు కోపం వస్తుంది. "ఎల్లండి! అందరూ ఎల్లండి! ఈ దరిద్రపు ఇనప ముక్క నాకొద్దు!" అని గొట్టాన్ని ఒక్క తోపు తోసి, నిచ్చెన మీద కాలు పెట్టాడు.

కట్లు లేని గొట్టం. సాయంత్రపు గాలి. ఏంటెన్నా గిర్రున సగం తిరిగి, పొడుగు కడ్డీ వెనక్కి, పొట్టి కడ్డీలు కొండ వైపుకి వచ్చి ఆగింది.

చెప్పులతో వాకిట్లో నిలబడ్డ సుభద్రమ్మకు, వెనక ఇంట్లోంచి తన గొంతే వినిపించింది. ఒక్క హోరు లేదు, ఒక్క గరగర లేదు. పాట ఎత్తుగడకు ముందు ఆమె దగ్గే చిన్న దగ్గు కూడా వినిపించింది. ఆమె చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది. ముందుగదిలో ఆడవాళ్ళు ఒక్కసారే కేకపెట్టారు. టీవీలో బురదకాళ్ళతో, తలమీద తుండుగుడ్డతో, ఆకుకట్ట పట్టుకుని సుభద్రమ్మ.

"దిగకు తాతా! వచ్చినాది!" అని యమున అరిచింది. ఈసారి మాట మార్చలేదు.

సూరయ్య నిచ్చెన సగంలోంచి పైకి పరుగెత్తాడు. గాలి మళ్ళీ ఏంటెన్నాని కదుపుతోంది. రెండు చేతులతో పట్టి ఆపాడు. తువ్వాలుతో గొట్టాన్ని పిట్టగోడకు కట్టి దిగబోయాడు. తువ్వాలు సాగింది, లోపల బొమ్మ పోయింది, ఆడవాళ్ళు తిట్టారు. వెనక్కి పోయి పట్టుకున్నాడు. బొమ్మ వచ్చింది. ఇటిక ఆనించి చూశాడు. పోయింది. మళ్ళీ తిట్లు. అందులో సుభద్రమ్మ గొంతు అందరికంటే పెద్దది. మూడోసారి ఆయన డాబా అంచుకు వచ్చేసరికి నిచ్చెన లేదు.

గొట్టం పట్టుకుని నిలబడటం తప్ప ఇంకేం చేస్తాడు? కింద పాట సాగుతోంది. ఇద్దరు సుభద్రమ్మలు పాడుతున్నారు, ఒకరు టీవీలో, ఒకరు టీవీ ముందు. అప్పుడు ఆయన పేరు వినిపించింది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఆకు వంకరగా పడిందని అరిచే సూరయ్య, మడిలోకి దిగమంటే నడుం పట్టేసే సూరయ్య, గంజి తెచ్చామంటే మాత్రం గట్టు దూకి వచ్చే సూరయ్య. ఇల్లు నవ్వుతో దద్దరిల్లింది.

"ఏటర్రా, నా పేరు వినబడినాది?"

"నీ పేరే బావా!" తిరుమలరావు వాకిట్లోకి వచ్చి కడుపు పట్టుకున్నాడు. "రాష్ట్రమంతా వినేసినాది!"

ఆనవాయితీ ప్రకారం కోప్పడకూడదు. పైగా చేతులు ఖాళీగా లేవు. సూరయ్య గొట్టానికి తల ఆనించి నిలబడ్డాడు. కార్యక్రమం అయిపోయేదాకా, పన్నెండు నిమిషాలు, కదల్లేదు.

తర్వాత ఎల్లాజీ నిచ్చెన మళ్ళీ వేసి, పైకెక్కి గొట్టాన్ని తీగతో బిగించాడు. "పొట్టి కడ్డీలే టవరు కేసి ఉండాలి మావా. ఇన్నాళ్ళూ తిరగేసి పెట్టినావు," అన్నాడు.

"మరి సేపల బుట్ట?" అన్నాడు సూరయ్య.

"ఇవి సేపలు కావు మావా."

సూరయ్య దిగి వచ్చేసరికి టీవీలో వ్యవసాయం మీద ఎవరో మాట్లాడుతున్నారు, ముఖం మీద పుట్టుమచ్చ కూడా కనబడేంత తేటగా. సుభద్రమ్మ ఇంకా చెప్పులు విడవలేదు. చెంబుతో నీళ్ళిచ్చి, "సూడనేకపోనావు," అంది.

"నిన్ను కొత్తగా సూసేదేటున్నాది? విన్నాను," అన్నాడు. రెండు గుక్కలు తాగి, "ఆ గంజి మాట తీసేస్తే బాగానే ఉన్నాది," అని చేర్చాడు.

ఇదంతా రాసి యమున తాతకు చదివి వినిపించింది. ఏంటెన్నా తిరగేసి పెట్టిన చోట కొంచెం గట్టిగా, రెండుసార్లు చదివింది. ఆయన చుట్ట ఆరిపోయేదాకా విని, ఉమ్మేసి అన్నాడు:

"నా తప్పు ఇంత పొడుగు రాసినావు గదా, నిచ్చెన తీసేసిందెవులో ఒక్క ముక్క రాయలేదేటే? ముందు అది రాయి, దొంగముండా."